సర్మాలె, మమలిగ: రొమేనియా పండగ భోజనం ఇంట్లో నాజూగ్గా వండడం ఎలా

రొమేనియాలో మెడిసిన్ చదువుతున్న పిల్లల తల్లిదండ్రులు, ఉద్యోగం మీద అక్కడ కొన్నాళ్లుండి వచ్చినవాళ్లు నన్ను అడిగేది ఎప్పుడూ ఒకటే. "సర్మాలె ఇంట్లో చేశామండీ. చుట్టలు విడిపోయాయి, ఆకు రబ్బరులా సాగింది, రుచి ఏదోలా ఉంది. ఎక్కడ తప్పాం?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు మొత్తం ఒకచోట రాస్తున్నాను.

సర్మాలె అంటే పులియబెట్టిన క్యాబేజీ ఆకులో కీమా, బియ్యం పెట్టి చుట్టి, సన్న సెగ మీద గంటలకొద్దీ ఉడికించే వంట. టర్కీ భాషలో 'చుట్టడం' అనే మాట నుంచి ఈ పేరు వచ్చింది. క్రిస్మస్‌కీ, కొత్త సంవత్సరానికీ, పెళ్లికీ ఇది ఉండాల్సిందే. పక్కన మమలిగ ఉంటుంది. అది మొక్కజొన్న సంకటి. తెలంగాణలో మక్క గట్క తిన్నవాళ్లకూ, సీమలో రాగి సంకటి కెలికినవాళ్లకూ దాన్ని ప్రత్యేకంగా పరిచయం చేయక్కర్లేదు.

నేను తూర్పు రొమేనియాలోని యాష్ నగరంలో నాలుగేళ్లున్నాను. మా పై అంతస్తులో ఒక పెద్దావిడ ఉండేవారు. అక్కడి పిల్లలు అమ్మమ్మనైనా, నాయనమ్మనైనా 'బూనిక' అంటారు. నేనూ ఆవిడని అలాగే పిలిచేదాన్ని. ఆవిడ పక్కన నిలబడి నేర్చుకున్న పద్ధతే ఇది. ట్రాన్సిల్వేనియా వైపు చుట్టలు పెద్దవిగా చేస్తారు. యాష్ వైపు చిటికెన వేలంత పొడవు మించనివ్వరు. ఈ వంటలో నాజూకు అంతా ఆ చుట్ట సైజులోనే ఉంటుంది. ప్లేటు మీద అలంకరణ తర్వాతి సంగతి.

మొదలుపెట్టే ముందు ఒక విన్నపం. అల్లం వెల్లుల్లి ముద్ద, గరం మసాలా, పచ్చిమిర్చి ముక్కలు లోపల వేయకండి. "చప్పగా ఉంటుందేమో" అన్న భయంతో అందరూ చేసే పని ఇదే. పులిసిన ఆకు, పొగ పట్టిన మాంసం, సోయకూర, మిరియాలు కలిస్తే వచ్చే రుచి వేరు. మసాలా పడగానే అది కనిపించకుండా పోతుంది. కారం కావాలంటే పక్కన పచ్చిమిర్చి పెట్టుకుని కొరుక్కోండి. రొమేనియాలోనూ అలాగే తింటారు.

కావలసినవి (35 నుంచి 40 చిన్న చుట్టలు, 8 మందికి)

- పులియబెట్టిన క్యాబేజీలు 2, ఒక్కొక్కటి కిలోన్నర దాకా
- కొవ్వు ఉన్న పంది కీమా 700 గ్రాములు
- బియ్యం 100 గ్రాములు. పొట్టి గింజ బియ్యం మేలు, సోనా మసూరి కూడా పనికొస్తుంది. బాస్మతి వద్దు
- ఉల్లిపాయలు 300 గ్రాములు
- టమాటా పేస్ట్ 2 పెద్ద చెంచాలు, వడకట్టిన టమాటా రసం 300 మిల్లీలీటర్లు
- సోయకూర ఒక పెద్ద కట్ట, కాడలు కూడా
- ఎండు థైమ్ 1 చిన్న చెంచా
- మిరియాల పొడి 1 చిన్న చెంచా, విడిగా 10 మిరియాలు
- పాప్రికా 1 చిన్న చెంచా. లేదంటే కాశ్మీరీ కారం అర చెంచా
- బే లీఫ్ 3 ఆకులు
- పొగబెట్టిన పంది మాంసం లేదా బేకన్ 250 గ్రాములు
- నూనె 3 పెద్ద చెంచాలు, ఉప్పు

ఈ జాబితాలో మూడింటి దగ్గర జాగ్రత్త. సోయకూర అంటే సోయాబీన్స్‌తో సంబంధం లేనిది. సన్నగా జుట్టులా ఉండే ఆకు, సోంపుకి దగ్గరి వాసన. హైదరాబాద్ కూరగాయల మార్కెట్లలో చలికాలమంతా దొరుకుతుంది. రొమేనియాలో దీన్ని 'మరార్' అంటారు. అది లేని సర్మాలె నేనైతే చేయను.

రెండోది బే లీఫ్. మన బిర్యానీ ఆకు వేరే చెట్టుది, దాల్చినచెక్క వాసన వేస్తుంది. అది వేస్తే గిన్నె మొత్తం పలావు వాసన కొడుతుంది. తేడా తెలియాలంటే ఆకు తిప్పి చూడండి. బిర్యానీ ఆకుకి పొడవునా మూడు ఈనెలు ఉంటాయి. మనకు కావలసినదానికి మధ్యలో ఒకటే ఈనె, దాని నుంచి పక్కలకి సన్న గీతలు. అది దొరక్కపోతే ఏ ఆకూ వేయకుండా వండండి.

మూడోది థైమ్. దొరకకపోతే వాము రెండు చిటికెలు నలిపి వేయండి. రెండింటి వాసనకీ మూలం థైమాల్ అనే ఒకే పదార్థం. రెండు చిటికెలు మించితే మాత్రం వాము ఒక్కటే తెలుస్తుంది.

పంది మాంసం తినని ఇళ్లలో ఎముక లేని కోడి తొడ మాంసం కీమా కొట్టించి, దానికి 60 గ్రాముల వెన్న కలపండి. మేక కీమా అయినా సరే, వెన్న తప్పదు. కొవ్వు లేని కీమా ఉడికాక రవ్వలా పొడిపొడిగా అయిపోతుంది.

క్యాబేజీ పులియబెట్టడం

రొమేనియాలో శీతాకాలం రాకముందే ఇంటింటా పీపాల్లో క్యాబేజీ ఊరేస్తారు. దాన్ని 'వర్జ మురాత' అంటారు. మనకి ఆవకాయ జాడీ ఉంటే చాలు. చేయడానికి మంచి కాలం డిసెంబరు, జనవరి. ఎండాకాలంలో ప్రయత్నించకండి, ఆకు పులిసేలోపే మెత్తబడి జారిపోతుంది.

1. గట్టిగా బంతిలా ఉన్నవి కాకుండా, చేతిలోకి తీసుకుంటే సైజుకి తేలికగా అనిపించే, ఆకులు కాస్త వదులుగా ఉన్న క్యాబేజీలు ఏరుకోండి. గట్టి క్యాబేజీ లోపలి ఆకులు ముడతలు పడి చుట్టడానికి లొంగవు.
2. పై ఆకులు తీసేసి, సన్నని కత్తితో మొదలు గుండ్రంగా తవ్వి తీయండి. ఆ గుంటలో ఒక పెద్ద చెంచా కళ్ళుప్పు నింపండి.
3. గుంట పైకి ఉండేలా జాడీలో పెట్టండి. సోయకూర కాడలు, ఒక చెంచా ఆవాలు, గుప్పెడు మొక్కజొన్న గింజలు వేయండి. అక్కడ ఆవాల బదులు హార్స్‌రాడిష్ అనే ఘాటైన దుంప వేస్తారు. మొక్కజొన్న గింజలతో ఊటకి లేత పసుపు రంగు వస్తుంది.
4. 4 లీటర్ల నీళ్లలో 160 గ్రాముల ఉప్పు వేసి మరిగించి, పూర్తిగా చల్లార్చి పోయండి. క్యాబేజీ మొత్తం మునగాలి. పైన ప్లేటు, దాని మీద బరువు పెట్టండి. నీళ్ల పైకి తేలిన భాగమే ముందు పాడవుతుంది.
5. మొదటి వారం రోజు విడిచి రోజు, కడిగి ఆరబెట్టిన గరిటెతో అడుగు ఊట తీసి పైన పోయండి. ఉప్పు అంతటా సమంగా సర్దుకుంటుంది.

మన చలికాలంలో 2 నుంచి 3 వారాలు పట్టొచ్చు. రోజులు లెక్కపెట్టకండి, ఆకు చూడండి. తెల్లదనం పోయి, వెలుతురుకి పెడితే అవతల వేళ్లు మసగ్గా కనిపించాలి. నలిపితే విరగకుండా వంగాలి. వాసన శుభ్రమైన పులుపు వాసనగా ఉండాలి. పైన పల్చటి తెల్ల పొర కడితే కంగారు అక్కర్లేదు, తీసేయండి. గులాబీ రంగో, నలుపో బూజు వచ్చినా, ఆకు జిగురుగా జారినా, కుళ్లు వాసన వచ్చినా మొత్తం పారేయండి. రుచి చూసి తేల్చుకుందామనుకోవద్దు.

అంత ఓపిక లేనివాళ్లకి దారి ఉంది. మొదలు తీసిన పచ్చి క్యాబేజీని మరిగే ఉప్పునీళ్లలో 8 నుంచి 10 నిమిషాలు ఉంచి, వదులైన ఆకుని వదులైనట్టు తీసుకోండి. లీటరు నీళ్లకి 100 మిల్లీలీటర్ల తెల్ల వెనిగర్, 20 గ్రాముల ఉప్పు కలిపి, ఈ ఆకుల్ని రాత్రంతా ఫ్రిజ్‌లో నానబెట్టండి. అసలు రుచిలో ముప్పావు వంతు వస్తుంది. అమెరికాలో, యూరప్‌లో ఉన్నవాళ్లు తూర్పు యూరప్ సరుకులు అమ్మే కొట్లలో అడగండి, ఊరిన క్యాబేజీ మొత్తంగా సీసాల్లోనో, కవర్లలోనో దొరుకుతుంది.

సర్మాలె చేసే పద్ధతి

1. ఆకు రుచి చూడండి. చిన్న ముక్క నమలండి. ఉప్పు నాలుకని పట్టేస్తుంటే గంట, రెండు గంటలు చన్నీళ్లలో నానబెట్టి, మధ్యలో ఒకసారి నీళ్లు మార్చండి. పులుపు మొత్తం పోయేలా కడిగేయకండి. ఈ పని మరిచిపోతే తర్వాత పూర్తిగా దిద్దుకోవడం కష్టం.

2. ఈనె చెక్కండి. ఆకు బోర్లా పెట్టి, ఉబ్బెత్తుగా ఉన్న మధ్య ఈనెని కత్తి పడుకోబెట్టి ఆకుతో సమానంగా చెక్కేయండి. పెద్ద ఆకులైతే ఈనె పొడవునా రెండుగా కోయండి. ఒక్కో ముక్క మీ అరచేయంత ఉంటే చాలు. చిరిగినవీ, చిన్నవీ పారేయకండి, సన్నగా తరిగి పక్కన పెట్టండి.

3. ఉల్లిపాయ నిదానంగా మగ్గించండి. ఉల్లిపాయలు ఎంత సన్నగా తరిగితే అంత మంచిది. నూనెలో చిన్న మంట మీద 10 నుంచి 12 నిమిషాలు, రంగు మారకుండా, మెత్తగా మెరిసేదాకా ఉంచండి. మన కూరకి వేయించినట్టు ఎర్రగా వేయిస్తే తీపి ఎక్కువై ఆకు పులుపుతో పొసగదు. కడిగి వడకట్టిన బియ్యం వేసి 2 నిమిషాలు, టమాటా పేస్ట్, పాప్రికా వేసి ఇంకో నిమిషం తిప్పి దించేయండి.

4. పూర్తిగా చల్లారాకే కీమా కలపండి. వేడి మీద కలిపితే కొవ్వు కరిగి విడిపోతుంది. తరిగిన సోయకూర, థైమ్, మిరియాల పొడి, చెంచాన్నర ఉప్పు, 100 మిల్లీలీటర్ల చన్నీళ్లు పోసి చేత్తో 3 నిమిషాలు కలపండి. నీళ్లెందుకని అడుగుతారు. లోపల తేమ నిలిచి, కోసినప్పుడు రసం ఊరడానికి. గోళీ అంత ముద్ద పెనం మీద కాల్చి ఉప్పు చూడండి. ఇంకొంచెం పడుతుంది అనిపించే దగ్గరే ఆగాలి. ఆకులోని ఉప్పు ఉడికేటప్పుడు లోపలికి దిగుతుంది.

5. చుట్టండి. ఆకు మందపు అంచు మీ వైపు ఉంచుకుని, 25 నుంచి 28 గ్రాముల స్టఫింగ్, అంటే ఒక పెద్ద చెంచా నిండుగా, బొటనవేలి ఆకారంలో పెట్టండి. ఎడమ అంచు లోపలికి మడిచి, మీ నుంచి అవతలికి చుట్టుకుంటూ పొండి. కుడి వైపు తెరిచే ఉంచండి. చుట్టడం అయ్యాక ఆ మిగిలిన ఆకుని చూపుడువేలితో గుంటలోకి నొక్కేయండి. బూనిక ఈ పని చుట్ట వైపు చూడకుండా చేసేవారు. వేలు లోపలికి వెళ్లి బయటికి రావడానికి ఒక్క క్షణం పట్టేది, చివర బొడ్డులా చిన్న గుంట మిగిలేది. దారం, పుల్ల ఏదీ అక్కర్లేదు.

   బిగించి చుట్టకండి. లోపల బియ్యం పచ్చిగా ఉంది, అది ఉబ్బాలి. అరచేతిలో పెట్టి అటూ ఇటూ దొర్లించి చూడండి. విడిపోకూడదు, రాయిలా గట్టిగానూ ఉండకూడదు.

6. గిన్నెలో పేర్చండి. మందపాటి అడుగున్న 5 లీటర్ల గిన్నె కావాలి. అల్యూమినియం వద్దు, పులుపు పడదు. అడుగున తరిగిన క్యాబేజీ సగం, కొన్ని బేకన్ ముక్కలు. వాటి మీద చుట్టల అంచు కిందికి ఉండేలా గోడ వైపు నుంచి మధ్యకి గుండ్రంగా, ఒకదానికొకటి తగులుతూ పేర్చండి. వరుసకీ వరుసకీ మధ్య పొగబెట్టిన మాంసం, మిరియాలు, బే లీఫ్, సోయకూర కాడలు. పైన మిగిలిన క్యాబేజీ, అన్నిటి మీదా రెండు మూడు పూర్తి ఆకులు దుప్పటిలా కప్పండి. టమాటా రసం, ఆ పైన నీళ్లు, చుట్టలు మునిగీ మునగనట్టు పోయండి. మరీ ఎక్కువైతే చుట్టలు తేలి, ఒకదానికొకటి కొట్టుకుని విడిపోతాయి.

7. ఉడికించండి. స్టవ్ మీద ఒక్క పొంగు రానిచ్చి, మూత పెట్టి 150 డిగ్రీల ఓవెన్‌లో మూడున్నర గంటలు. చివరి అరగంట మూత తీస్తే పై ఆకులు అక్కడక్కడా మాడి మంచి వాసన వస్తాయి. ఓవెన్ లేకపోతే గిన్నె కింద పెనం పెట్టి, అతి చిన్న మంట మీద మూడు గంటలు. మూత మీద చెవి పెడితే చిన్నగా కుతకుత వినిపించాలి, బుడగలు ఎగిరిపడే శబ్దం రాకూడదు. మధ్యలో గరిటె పెట్టకండి. అడుగంటుతుందేమోనని టెన్షన్‌గా ఉంటే గిన్నె రెండు చెవులూ పట్టుకుని మెల్లగా ఊపండి. నీళ్లు తగ్గితే వేడినీళ్లే పోయండి.

   కోడి కీమా అయితే రెండు గంటలు చాలు. ప్రెషర్ కుక్కర్ గురించి చాలామంది అడుగుతారు. విజిల్ పెట్టకుండా మూత ఉన్న గిన్నెలా వాడుకోండి, అభ్యంతరం లేదు. విజిల్ పెడితే లోపలి పొంగుకి చుట్టలు పగులుతాయి.

8. ఒక్క చుట్ట తీసి చూడండి. ఫోర్క్ అంచు ఆనించగానే ఆకు తెగాలి, రంపంలా కోయాల్సి రాకూడదు. లోపల బియ్యం గింజ పువ్వులా విచ్చుకుని ఉండాలి. తెంచిన చోట రసం మెరవాలి. ఈ మూడిట్లో ఏది లేకపోయినా ఇంకో అరగంట ఉంచండి.

9. ఆ రోజు వడ్డించకండి. వీలైతే ముందు రోజే వండండి. చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు మూత పెట్టి సన్న సెగ మీద 40 నిమిషాలు వేడి చేయండి. పొగ, పులుపు, సోయకూర వాసన ఒకదాన్నొకటి పట్టుకోవడానికి ఆ రాత్రి కావాలి. మన చేపల పులుసు మర్నాటికి బాగుండడం తెలిసినవాళ్లకి ఇది ఇంకోసారి చెప్పక్కర్లేదు.

మాంసం తినని ఇళ్లకి

ఇది నేను కల్పించిన మార్పు కాదు. రొమేనియాలో ఆర్థడాక్స్ క్రైస్తవులు క్రిస్మస్‌కి ముందు నవంబరు 15 నుంచి డిసెంబరు 24 దాకా ఉపవాస దీక్ష పాటిస్తారు. ఆ రోజుల్లో మాంసం, గుడ్లు, పాలు ముట్టరు. అప్పుడు చేసేది పుట్టగొడుగుల సర్మాలె.

500 గ్రాముల పుట్టగొడుగులు సన్నగా తరిగి, నీరంతా ఇగిరి అడుగంటడం మొదలయ్యేదాకా వేయించండి. అసలు కిటుకు ఇదే, తడి మిగిలితే చుట్ట లోపల గంజిలా అవుతుంది. బియ్యం 200 గ్రాములు, తురిమిన క్యారెట్ ఒకటి, చితక్కొట్టిన అక్రోట్ పప్పు గుప్పెడు, మిగతావన్నీ పైన చెప్పినట్టే. గంటన్నరలో ఉడుకుతాయి. బేకన్ లేని లోటు తీరాలంటే, స్టఫింగ్ మధ్యలో చిన్న గిన్నె పెట్టి, అందులో ఎర్రగా కాలిన బొగ్గు ముక్క మీద నూనె చుక్క వేసి 5 నిమిషాలు మూత పెట్టండి. ఈ పొగ మాత్రం మన పద్ధతి, కానీ ఇక్కడ బాగా కుదిరింది.

మమలిగ

కావలసినవి: మొక్కజొన్న రవ్వ 250 గ్రాములు, నీళ్లు 1 లీటరు, ఉప్పు చెంచాన్నర, వెన్న 30 గ్రాములు.

ఎక్కువమంది తప్పేది కొట్లోనే. కార్న్‌ఫ్లోర్ కొనకండి, అది తెల్లటి పిండి, సూప్ చిక్కబడడానికి వేసేది. రొట్టెల మొక్కజొన్న పిండి మరీ మెత్తన. వేలితో రాస్తే ఇసుకలా తగిలే పసుపు రవ్వ కావాలి. మక్క రవ్వ అని అడగండి, లేదా పోలెంటా పేరుతో వచ్చే ప్యాకెట్.

1. మందపాటి గిన్నెలో ఉప్పునీళ్లు పెట్టి, వేడెక్కుతుండగా గుప్పెడు రవ్వ చల్లండి. దీనివల్ల ఉండలు కట్టడం చాలా తగ్గుతుంది.
2. మరుగు రాగానే ఒక చేత్తో రవ్వ సన్నటి ధారగా వదులుతూ, ఇంకో చేత్తో కెలుకుతూ ఉండండి. అక్కడ వాడే గుండ్రటి కర్రని 'ఫకలెత్స్' అంటారు. మీ ఇంట్లో సంకటి తెడ్డు ఉంటే అంతకంటే మంచిది లేదు.
3. మంట బాగా తగ్గించి 35 నుంచి 40 నిమిషాలు. మొదటి 10 నిమిషాలు ఆపకుండా, తర్వాత 3 నిమిషాలకోసారి కెలకండి. ముఖం, చేతులు గిన్నెకి దూరంగా ఉంచండి, ఎగిరిపడ్డ చుక్క చర్మానికి అతుక్కుని బాగా కాలుస్తుంది.
4. వెన్న కలిపి, 2 నిమిషాలు కదపకుండా ఉంచి, చెక్క పలక మీద ఒక్కసారిగా బోర్లించండి.

పదిహేను నిమిషాలకే చిక్కబడుతుంది, అయిపోయిందనుకుని దించేస్తారు. నోట్లో పెట్టుకుంటే పచ్చి పిండి వాసన, పంటికింద ఇసుక. ఉడికిందో లేదో తెలియాలంటే తెడ్డు నిలబెట్టి చూడండి, పడిపోకూడదు. కెలికినప్పుడు గిన్నె గోడని వదిలి ముద్దగా రావాలి.

కోయడానికి కత్తి వాడకండి. గట్టి నూలు దారం రెండు చివర్లా బిగించి పట్టుకుని, ముద్ద కిందికి తోసి పైకి లాగండి. కత్తికైతే ముద్ద అంటుకుని అంచు చిరుగుతుంది. దారంతో తీసిన ముక్క అంచు గీత గీసినట్టు వస్తుంది, లోపలి నుంచి ఆవిరి తెరలా లేస్తుంది. నాకు ఈ భోజనం మొత్తంలో బాగా ఇష్టమైన క్షణం అదే.

పక్కన మీగడ

'స్మన్‌తన' అంటే పులిసిన చిక్కటి మీగడ. ఇంట్లో చేయాలంటే ప్యాకెట్ ఫ్రెష్ క్రీమ్ 200 మిల్లీలీటర్లలో రెండు పెద్ద చెంచాల తియ్యటి పెరుగు కలిపి, గది వేడిలో 6 నుంచి 8 గంటలు ఉంచి, తర్వాత ఫ్రిజ్‌లో పెట్టండి. తొందరైతే గుడ్డలో కట్టి నీరు కార్చిన పెరుగులో సగం క్రీమ్ కలపండి. ఉప్పు, జీలకర్ర ఏవీ వద్దు.

వడ్డన

ప్లేట్లు గోరువెచ్చగా ఉండాలి, చల్లటి ప్లేటులో కొవ్వు వెంటనే పేరుకుంటుంది. ఒక్కొక్కరికి మొదటి వడ్డనలో మూడు చుట్టలు చాలు, పక్కపక్కనే ఒకే దిక్కుకి. గిన్నె అడుగు రసం ఒక గరిటె వడకట్టి, సగమయ్యేదాకా మరిగించి, చుట్టల మీద పల్చగా పోయండి, మెరుపు వస్తుంది. మమలిగ ఒక ముక్క. మీగడ పక్కన పెట్టండి, పైన పోస్తే చుట్ట కనిపించదు. ఒక సోయకూర రెమ్మ, ఒక పచ్చిమిర్చి. అంతకంటే ఏదీ అక్కర్లేదు. తినబోయే ముందు 'పోఫ్త బూన' అంటారు, బాగా ఆకలితో తినండి అని.

చివర్లో పపనాష్

ఇంత భోజనం తర్వాత తీపి కావాలంటే పపనాష్ చేయండి. పాల విరుగుడుతో చేసే గారెలాంటిది, పైన మీగడ, పుల్లటి పండు జామ్.

నీరు పిండేసిన మెత్తటి విరుగుడు 500 గ్రాములు, గుడ్లు 2, చక్కెర 60 గ్రాములు, మైదా 200 గ్రాములు, వంట సోడా అర చెంచా, నిమ్మరసం ఒక చెంచా, నిమ్మ తొక్క తురుము, చిటికెడు ఉప్పు కలిపి 15 నిమిషాలు ఉంచండి. చేతికి కాస్త అంటుకునేలా ఉండాలి. గట్టిపడాలని మైదా ఇంకా ఇంకా కలిపితే పపనాష్ కాస్తా బన్ను అవుతుంది. చేతులకి పిండి రాసుకుని గారెలా చేసి మధ్యలో చిల్లు పెట్టండి, చిల్లు పిండితో చిన్న ఉండలు చేయండి. నూనె ఓ మోస్తరుగా కాగాలి, 160 డిగ్రీల దగ్గర. పిండి చుక్క వేస్తే అడుగుకి పోయి, మూడు నాలుగు క్షణాల తర్వాత తేలాలి. వెంటనే తేలితే నూనె ఎక్కువ కాగింది, పైన ఎరుపెక్కి లోపల పచ్చిగా ఉండిపోతుంది. ఒక్కో వైపు 3 నిమిషాలు. మొదటిదాన్ని తుంచి చూసి మిగతావి వేయండి.

అక్కడ పుల్లటి చెర్రీ జామో, బ్లూబెర్రీ జామో వేస్తారు. మన దగ్గర వాక్కాయలు దొరికే రోజుల్లో గింజ తీసి, బరువులో ముప్పావు వంతు చక్కెర వేసి ఉడికించిన జామ్ వేసి చూడండి. ఆ పులుపు, ఆ ముదురెరుపు చెర్రీకి చాలా దగ్గర. గారె మీద మీగడ, దాని మీద జామ్, అన్నిటి మీదా చిన్న ఉండ. వేడి తగ్గకముందే తినాలి.

ఎక్కువగా అడిగే ప్రశ్నలు

*మూడు గంటలు ఉడికించినా ఆకు గట్టిగానే ఉంది.* పులుపు కూరగాయని త్వరగా మెత్తబడనివ్వదు. చింతపండు పోశాక ముక్క ఉడకదని మన ఇళ్లలో చెప్పేది ఇక్కడా వర్తిస్తుంది. వెనిగర్‌లో నానబెట్టిన ఆకులైతే టమాటా రసం మొదటే పోయకుండా, గంటన్నర నీళ్లలో ఉడికాక పోయండి.

*చుట్టలు పగిలిపోయాయి.* బిగించి చుట్టి ఉంటారు, లేదా మంట ఎక్కువై ఉంటుంది. నా మొదటి గిన్నె మొత్తం అలాగే పోయింది, రెండు తప్పులూ చేశాను. పగిలినవాటిని అలాగే వదలండి, కదిపితే మిగతావీ పాడవుతాయి.

*లోపల ముద్దగా, బరువుగా ఉంది.* బియ్యం ఎక్కువైంది. కీమాలో ఏడో వంతు దాటనివ్వకండి. ఉడికించిన అన్నం కలపడం కూడా ఇదే ఇబ్బంది తెస్తుంది.

*ఉప్పు ఎక్కువైంది.* రసం సగం తీసేసి వేడినీళ్లు పోసి ఇరవై నిమిషాలు ఉంచండి. మమలిగని ఉప్పు వేయకుండా వండండి, మీగడ రెట్టింపు పెట్టండి.

*ఎన్నాళ్లు నిలవుంటాయి?* రసంతో సహా ఫ్రిజ్‌లో 3 రోజులు. వండాక రెండు గంటలకి మించి బయట ఉంచకండి. ఫ్రీజర్‌లో పెట్టాలంటే ఒకే వరుసగా డబ్బాలో సర్ది, మునిగేలా రసం పోసి పెట్టండి, రెండు నెలలు బాగుంటాయి. తీసిన రాత్రి ఫ్రిజ్‌లోనే కరగనిచ్చి, మర్నాడు మూత పెట్టి వేడి చేయండి. మిగిలిన మమలిగని మాత్రం ముక్కలు కోసి, పెనం మీద వెన్న వేసి రెండు వైపులా ఎర్రగా కాల్చుకుని పొద్దున టిఫిన్‌కి తినండి.